గిడ్డంగి కట్టుబడిలో సామానుల లెక్క

సహకార సంఘము గిడ్డంగిని కట్టింప బూనినపుడు సభ్యులు పునాది లోతును, గోడల మందమును విచారింతురు. సామానుల నిల్వను గూర్చి అడుగువారు అరుదు. చెడిపోయిన ప్రతి సిమెంటు సంచియు సభ్యుల వాటాధనమే గదా! కావున ముఖ్యమైన నియమములను కొన్నింటిని ఇచట వివరించుచున్నాము.

సిమెంటు: విత్తనపు వేరుసెనగకు తేమ తగులనీయక కాపాడు రైతునకు ఈ పాఠము క్రొత్తది కాదు. సంచులను నేలకు అరయడుగు ఎత్తున పలకలపై, గోడకు ఒక అడుగు ఎడముగా పేర్చవలెను. వరుసకు పది సంచులకు మించరాదు. ముందు వచ్చినది ముందు వాడవలెను. నింపిన వారమును, సంవత్సరమును సంచిపై చూచుకొనుడు. మూడు మాసములు నిల్వయున్న సిమెంటు బలములో సుమారు అయిదవ వంతు తగ్గును. యెఱ్ఱగుంట్ల, చిలమకూరులలో సిమెంటు కర్మాగారములుండగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములవారు పనికంతకు ఒక్కసారిగా కొని కూడబెట్ట నక్కఱలేదు. పులివెందులవారు దూరమునుబట్టి కొంత హెచ్చుగా నుంచుకొనవచ్చును. అక్టోబరు, నవంబరు వానలకు ముందు నిల్వను తగ్గించుట మేలు.

ఇసుక: కొంచెము తడిసిన ఇసుక ఉబ్బును. గాజు సీసాలో 10 అంగుళముల ఎత్తున తడి యిసుకను పోసి, నిండుగ నీరుపోసి కలిపి, దిగిన పిమ్మట కొలువుడు. 8 అంగుళములైనచో, అయిదు బండ్ల కొలతకు నాలుగు బండ్ల ఇసుకయే మనకు దక్కినదని తెలియవలెను.

ఇనుము: కడ్డీ మందమును మిల్లీమీటర్లలో తీసికొని, దానిని దానిచేతనే గుణించి 162చే భాగించినచో మీటరునకు కిలోల తూకము వచ్చును. 12 మిల్లీమీటర్ల కడ్డీ 12 మీటర్ల పొడవున సుమారు 10.7 కిలోలు తూగును. కడ్డీల నెంచి, తూకపు చీటీతో సరిచూడుడు.

చిట్టా: తేది, వచ్చినది, వాడినది, నిల్వ అని నాలుగు గడులు చాలును. సామాను ఇచ్చువాడొకడు, వ్రాయువాడు వేరొకడు కావలెను. 200 సంచులు వచ్చి 140 వాడినచో నిల్వ 60 ఉండవలెను. ఖాళీ సంచులు 140 కనబడవలెను. శనివారమునాడు 57 మాత్రమే యున్నచో, తక్కిన మూడింటి జాడ ఆనాడే తీయవలెను. నెలలు గడచిన పిమ్మట అది ఎవరికిని జ్ఞప్తియుండదు. అనుమానము మాత్రము మిగులును.

ఈ చిట్టాను ప్రతి పాలకవర్గ సమావేశమునను చదివి వినిపించుడు. లెక్క తెరచియున్నచోట సభ్యుల నమ్మకము నిలుచును.