నేల, నీరు, మనిషి

మానవ భూగోళశాస్త్రం అంటే పటంలో ఊళ్లు గుర్తించడం మాత్రమే కాదు. నేలకు, నీటికి, మనిషికి ఉన్న సంబంధాన్ని తెలుసుకోవడం.

మన జిల్లాలనే చూద్దాం. కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టేది ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోనే. కానీ నది లోతున, పొలాలు మిట్టన ఉన్నాయి. నీరు ఎత్తిపోసే ఏర్పాటు ఆలస్యమై, పాలమూరు కూలీలు దేశమంతా ఆనకట్టలు కట్టడానికి వలసపోయారు.

ఉమ్మడి నల్లగొండలో 1967లో నాగార్జునసాగర్ కాలువలు పారాయి. మిర్యాలగూడ పచ్చబడింది. మిట్టనున్న మునుగోడు, మర్రిగూడ ప్రాంతాలు బోర్లనే నమ్ముకున్నాయి. గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడ్ ఆ నీటిలో కలిసి ఎందరి ఎముకలనో వంచింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమే.

రాయి ప్రకృతిది. కాలువ ఎటు పోవాలన్నది మనుషుల నిర్ణయం. ఈ రెండింటినీ కలిపి చూడడమే మన శాస్త్రం.

సెలవుల్లో మన ఊళ్లో అడుగుదాం: బోరు లోతెంత? నీరు ఎవరి పొలానికి అందుతోంది? ఎవరు, ఎందుకు వలసపోయారు? జవాబులు రాసుకుంటే అదే మన తొలి పరిశోధన.