పాత ట్రాక్టరుకు కొత్త బలం

పిల్లలారా! మన పామాయిల్ తోటల్లో తిరిగే చిన్న ట్రాక్టరు వెనుక, బరువునెత్తే రెండు ఇనుప చేతులను మీరు చూచే ఉంటారు. వాటిని ఎత్తేది నూనె. ఇంజను తిప్పే పంపు నూనెను సిలిండరులోకి తోస్తే, అది పిస్టనును నెడుతుంది. ద్రవంలో ఒత్తిడి అన్నివైపులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే ఇది.

పాత ట్రాక్టరుకు ముందువైపు తొట్టి బిగించదలచినవారు మొదట పెద్ద పంపు కొంటారు. తొందరపడకూడదు. పంపు పెద్దదైతే తొట్టి త్వరగా లేస్తుంది, అంతే! ఎత్తగల బరువు ఒత్తిడిని బట్టి ఉంటుంది. 50 మిల్లీమీటర్ల వ్యాసం గల సిలిండరులో చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ఒత్తిడి ఉంటే, సుమారు 2,900 కిలోల తోపు వస్తుంది. ఈ ఒత్తిడికి హద్దు పెట్టేది రిలీఫ్ వాల్వు. దాని మరను బిగిస్తే బలం పెరిగే మాట నిజమే. కాని పాత గొట్టాలు పగలవచ్చు. అందుచేత ముందుగా నూనె, ఫిల్టరు మార్చి, గేజీతో ఒత్తిడి కొలిచి చూడాలి. చాలాసార్లు జబ్బు అక్కడే నయమవుతుంది.

గొట్టం విప్పేముందు తొట్టిని నేలకు దించి, ఇంజను ఆపి, మీటను అటూ ఇటూ కదపండి. నూనె కారేచోటును చేతితో తడమరాదు. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. సూదిమొనంత రంధ్రం నుండి చిమ్మే నూనె చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కలాగే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆలస్యమైతే వేలు తీసివేయవలసి రావచ్చు.