‘కామ్’ అను మాట: అర్థము, వాడుక



ఆంగ్లమున మీరు తరచుగా వినెడి విశేషణములలో ‘కామ్’ ఒకటి. ఈ మాటను వ్రాయునపుడు ‘ఎల్’ అను అక్షరము వచ్చును. కాని సాధారణముగా అది పలుకబడదు. ‘వాక్’, ‘టాక్’ అను మాటలలోను అంతే.

అర్థము: సముద్రమునకు, గాలికి, మనిషికి ఆంగ్లములో ఈ ఒక్క మాటయే చాలును. తెలుగులో సందర్భమును బట్టి మాట మారును. అలలు లేని సముద్రము ప్రశాంతము. కదలని నీరు నిశ్చలము. కోపము లేని స్వభావము శాంతము. ఆపదలో బెదరని గుణము నిబ్బరము.

వాడుక: ‘ఎ కామ్ సీ’ అనగా ప్రశాంతమైన సముద్రము. ‘ద సీ ఈజ్ కామ్’ అనగా సముద్రము ప్రశాంతముగా ఉన్నది. ఆంగ్లములో రెండుచోట్లను మాట ఒకటే. తెలుగులో నామమునకు ముందు ‘ఐన’, ‘ఉన్నది’కి ముందు ‘గా’ వచ్చును. ‘ప్రశాంతమైన ఉన్నది’ అని వ్రాయరాదు.

భేదము: ‘క్వయట్’ అనగా నిశ్శబ్దము. ‘కామ్’ అట్టిది కాదు. బడిలో అగ్నిప్రమాదపు గంట మ్రోగినపుడు ఉపాధ్యాయులు ‘బీ కామ్’ అందురు. ఊరక కూర్చుండుమని దాని భావము కాదు. తొందరపడక, ఒకరినొకరు త్రోసికొనక, వరుసగా వెలుపలికి నడువుమని భావము.

పుట్టుక: ఈ మాటకు మూలము మండువేడిమి అను అర్థముగల గ్రీకు పదము ‘కౌమ’ అని పలువురు పండితుల అభిప్రాయము. ఎండ మండు వేళ జనులు పనులాపి విశ్రమింతురు. అపుడు అంతటను నిశ్చలత నెలకొనును. అట్లు వేడిమిని తెలుపు మాట ప్రశాంతతను తెలుపు మాటయైనది.

బహ్రెయిన్‌లో నివసించు మనకు ఇది సులభముగా బోధపడును. ఇచట 2007 నుండి జూలై, ఆగస్టు మాసములలో మధ్యాహ్నము 12 గంటల నుండి 4 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించుట నిషిద్ధము. 2025లో ఈ గడువును జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు పెంచిరి. కట్టడములపై శ్రమించు మన తెలుగువారి ప్రాణములకు ఆ నాలుగు గంటల విరామము రక్ష. ఆ వేళ నిశ్చలముగా నున్న కట్టడమును చూచినపుడు ఈ మాటను తలచుకొనుడు.

అభ్యాసము: ఖాళీలను తగిన తెలుగు మాటతో పూరింపుడు.
1. గాలి లేనందున కొలనిలోని నీరు ______గా ఉన్నది.
2. పరీక్షనాడు ప్రశ్నపత్రమును చూచి బెదరక ______ముగా వ్రాయవలెను.
3. మా తాతగారిది ______మైన స్వభావము.