నిలకడ నేర్పే కొలువులు

హైదరాబాద్‌లో మధురానగర్ మెట్రో స్టేషన్ దిగి యూసుఫ్‌గూడ వైపు నడిస్తే యోగా క్లాసులు, డాన్స్ ఇన్‌స్టిట్యూట్లు, జిమ్‌లు, ఫిజియోథెరపీ క్లినిక్‌ల బోర్డులు కనబడుతూనే ఉంటాయి. పక్కనే కృష్ణానగర్. జూనియర్ ఆర్టిస్టులు, గ్రూప్ డాన్సర్లు, ఫైటర్లు ఎక్కువగా ఉండేది అక్కడే. కాస్త ముందుకెళ్తే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. ఒంటిని నమ్ముకుని బతికేవాళ్లు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోటు మరొకటి దొరకడం కష్టం. ఇవే వీధుల్లో రిటైరైన పెద్దవాళ్లూ ఉన్నారు. రోప్ షాట్‌లో దూకినవాడు తూలకుండా నేల మీద నిలబడాలి. డెబ్బై ఏళ్ల అమ్మమ్మ తడి బాత్రూంలో జారకుండా నడవాలి. ఇద్దరికీ కావలసింది ఒంటి మీద ఎరుక, కాలికి నిలకడ. వాటిని నేర్పడమే ఇవాళ ఒక వృత్తి. ఒకటి కూడా కాదు, అరడజను వృత్తులు.

ఈ దారిలోకి రావాలనుకునేవాళ్లు ముందుగా ఒకటి గుర్తుంచుకోవాలి. ఇక్కడ డిగ్రీ ముందు, సర్టిఫికెట్ తర్వాత. ఆ వరస తారుమారైతే సంపాదన ఒక స్థాయి దగ్గరే ఆగిపోతుంది.

పని ఏమిటో ముందు తెలియాలి

మనిషి పడిపోకుండా నిలబడాలంటే మెదడుకు మూడు చోట్ల నుంచి సమాచారం అందాలి. లోపలి చెవిలోని మూడు అర్ధవృత్తాకార నాళాలు తల తిరుగుడును కనిపెడతాయి. కళ్లు చుట్టుపక్కల ఏముందో చెబుతాయి. కండరాలు, కీళ్లు, అరికాళ్లలోని నాడులు ఏ అవయవం ఎక్కడుందో తెలుపుతాయి. వీటిని కలిపి సరిచూసుకోవడంలో చిన్నమెదడుది పెద్ద పాత్ర. ఒకచోట లోపం వస్తే మిగతా రెండూ కొంతవరకు ఆ భారం మోస్తాయి. ఈ రంగంలోని వ్యాయామాలన్నీ ఈ సర్దుబాటు మీదే ఆధారపడ్డాయి.

ఒక ఉదాహరణ చూడండి. చీలమండ బెణికిన డాన్సర్‌కు వాపు తగ్గుతుంది, నొప్పి పోతుంది, రిహార్సల్స్‌కు వెళ్తాడు. కొన్ని వారాలకు అదే చీలమండ మళ్లీ బెణుకుతుంది. లిగమెంటు గాయపడినప్పుడు అక్కడి నుంచి వెళ్లే స్థితి సమాచారం కూడా దెబ్బతినడం దీనికి ఒక కారణం. అందుకే ఫిజియోథెరపిస్టు ఒంటికాలి మీద నిలబడటం, కళ్లు మూసుకుని నిలబడటం, ఊగే పలక మీద బ్యాలెన్స్ చేయడం వంటివి వరసగా చేయిస్తాడు. నొప్పి పోవడంతో అతని పని అయిపోదు.

'మయూరి' చెప్పే పాఠం

ఈ రంగం విలువ తెలియాలంటే తెలుగు సినిమాలోనే ఒక సాక్ష్యం ఉంది. నర్తకి సుధాచంద్రన్ 1981లో తిరుచిరాపల్లి దగ్గర జరిగిన బస్సు ప్రమాదం వల్ల కుడి కాలు కోల్పోయారు. జైపూర్ కృత్రిమ పాదంతో మళ్లీ అడుగులు నేర్చుకుని 1984లో వేదికెక్కారు. ఆ కథనే సింగీతం శ్రీనివాసరావు 'మయూరి'గా తీస్తే, 1985లో వచ్చిన ఆ సినిమాలో ఆమె పాత్రను ఆమే పోషించారు.

కృత్రిమ పాదానికి స్పర్శ ఉండదు. నేల తగిలిందన్న కబురు తొడుగులోని ఒత్తిడి ద్వారా, పై కీళ్ల కదలిక ద్వారా అందాలి. ఆ కొత్త కబుర్లకు మెదడు అలవాటు పడేదాకా సాధన సాగాలి. అలాంటి మనిషిని నిలబెట్టాలంటే పాదం తయారుచేసే ప్రోస్థెటిస్టు, నడక నేర్పే ఫిజియోథెరపిస్టు, రోజువారీ పనులు అలవాటు చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్టు అందరూ కావాలి. వీటిలో ప్రతిదీ విడి కొలువే.

ఏ చదువుకు ఏ పని

ఫిజియోథెరపీ (బీపీటీ): ఇంటర్ బైపీసీ వాళ్లకు ఇదే ప్రధాన మార్గం. ఇన్నాళ్లూ ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ల కోర్సు. 2021 చట్టంతో ఏర్పడిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ కొత్త సిలబస్ తెచ్చింది కాబట్టి కాలవ్యవధి, ప్రవేశ నిబంధనలు ఏ ఏడాదివి ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. తెలంగాణ కాలేజీలు వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో ఉన్నాయి. పంజాగుట్టలోని నిమ్స్‌లో, జూబ్లీహిల్స్‌లోని అపోలో కాలేజీలో కూడా ఈ కోర్సు ఉంది. తర్వాత రెండేళ్ల ఎంపీటీలో నరాల విభాగమో, క్రీడల విభాగమో ఎంచుకుంటే నిలకడ చికిత్సలో పట్టు దొరుకుతుంది.

ఆక్యుపేషనల్ థెరపీ: ఆటిజం ఉన్న పిల్లలతో, పక్షవాతం వచ్చిన పెద్దలతో పనిచేయాలనుకునేవాళ్లకు తగినది. చొక్కా తొడుక్కోవడం, మెట్లు దిగడం, పెన్సిల్ పట్టుకోవడం వంటి పనుల్లో ఒంటి ఎరుకను తిరిగి తెప్పించడం ఇక్కడి పని. ఫిజియోథెరపీతో పోలిస్తే కాలేజీలు తక్కువ. అందుకే పక్క రాష్ట్రాలు కూడా చూసుకోవాలి.

ఆడియాలజీ (బీఏఎస్‌ఎల్‌పీ): ఎంపీసీ వాళ్లూ చేరగలిగిన నాలుగేళ్ల కోర్సు. ఆడియాలజిస్టు అంటే వినికిడి పరీక్షలే గుర్తొస్తాయి. కానీ లోపలి చెవి సమతుల్యతను పరీక్షించేదీ వీరే. కళ్లు తిరిగితే మనవాళ్లు బీపీ అనో, మెడ అరిగిందనో అనుకుంటారు. చాలామందిలో అసలు కారణం లోపలి చెవిలోని సన్నని స్ఫటికాలు చోటు తప్పి నాళంలోకి జారడం. అది నిర్ధారణ అయితే తలను వరసగా కొన్ని కోణాల్లో తిప్పే ఎప్లీ పద్ధతితో కొద్ది నిమిషాల్లోనే ఎందరికో ఉపశమనం కలుగుతుంది. ఈ వృత్తికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ప్రోస్థెటిక్స్, ఆర్థోటిక్స్ డిగ్రీ కూడా ఆ మండలి పరిధిలోదే.

ప్రకృతి వైద్యం, యోగా (బీఎన్‌వైఎస్): ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. మధురానగర్‌కు దగ్గరలోనే, అమీర్‌పేట దాటగానే, బల్కంపేట రోడ్డులోని ప్రకృతి చికిత్సాలయంలో గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఉంది. దేశంలో ఈ తరహా కళాశాలల్లో పాతవాటిలో అదొకటి. యోగాను క్లాసుగా కాక వైద్యంగా చేపట్టాలనుకునేవాళ్లు ముందు ఇక్కడికి ఒకసారి వెళ్లి చూసి రావాలి.

అనుబంధ చికిత్సలకు హద్దు ఎక్కడ?

యోగా, తైచీ, పిలాటిస్, అలెగ్జాండర్ టెక్నిక్, ఫెల్డెన్‌క్రైస్, నాట్య చికిత్స. ఇవన్నీ ఒంటి ఎరుకను పెంచే సాధనలే. వీటిలో కొన్ని పుట్టిందే కళాకారుల, ఆటగాళ్ల కష్టాల్లోంచి. వేదిక మీద గొంతు పోతున్న ఆస్ట్రేలియా నటుడు అలెగ్జాండర్, తన మెడ, వీపు బిగుసుకుపోతున్న తీరును అద్దాల్లో గమనించి తన పద్ధతిని రూపొందించాడు. ఇంజినీరు, జూడో ఆటగాడు అయిన ఫెల్డెన్‌క్రైస్‌ను ఈ వైపు నడిపించింది మోకాలి గాయం.

అయితే అన్నింటికీ ఒకే స్థాయి ఆధారాలు లేవు. ఇళ్లలో ఉండే పెద్దవాళ్ల మీద జరిగిన 108 పరిశోధనలను 2019లో కోక్రేన్ సమీక్ష పరిశీలించింది. వ్యాయామం వల్ల పడిపోయే ఘటనలు సుమారు 23 శాతం తగ్గుతాయని తేల్చింది. బ్యాలెన్స్ సాధనలు, రోజువారీ కదలికల వ్యాయామాల వల్ల మేలు గట్టిగా కనిపించింది. తైచీ కూడా పడిపోవడాన్ని తగ్గించవచ్చంది, కానీ ఆధారం అంత బలంగా లేదు. ఒంటి నొప్పులకు మర్దన హాయినిస్తుంది. మర్దనతోనే నిలకడ వస్తుందని చెప్పేవాళ్లను మాత్రం నమ్మకండి. ఏది ఎంత పనిచేస్తుందో క్లయింటుకు ఉన్నదున్నట్టు చెప్పగలిగినవాళ్ల దగ్గరికే డాక్టర్లు రోగులను పంపుతారు. సిఫార్సులతో నడిచే ఈ వృత్తిలో అసలు పెట్టుబడి అదే.

సర్టిఫికెట్ల విషయానికొస్తే, యోగా శిక్షకులకు ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలున్నాయి. ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్, వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్, టీచర్ స్థాయిల మీదుగా పైకి వెళ్లవచ్చు. యోగా థెరపిస్టుకు విడిగా స్థాయిలున్నాయి. ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్‌తో ఆరోగ్యవంతులకు వృక్షాసనం నేర్పవచ్చు. పక్షవాతం వచ్చిన మనిషికి చికిత్స చేయకూడదు. ఈ గీత దాటినవాళ్లు రోగికీ నష్టం చేస్తారు, తమ పేరూ పోగొట్టుకుంటారు.

కళల వైపు నుంచి వచ్చేవాళ్లకు

పళ్లెం అంచు మీద నిలబడి, తల మీద చెంబు పెట్టుకుని కూచిపూడి నర్తకి తరంగం ఆడటం కంటే గొప్ప బ్యాలెన్స్ సాధన మనకు మరొకటి లేదు. నాట్యం నేర్చుకున్నవాళ్లు ఆ అనుభవాన్ని వృత్తిగా మలచుకోవచ్చు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో కూచిపూడి, భరతనాట్యాలలో పీజీ ఉంది. దానికి సైకాలజీ చదువో, నాట్య చికిత్సలో డిప్లొమానో తోడైతే ప్రత్యేక అవసరాలున్న పిల్లల పాఠశాలల్లో, మానసిక ఆరోగ్య కేంద్రాల్లో అవకాశాలుంటాయి. కోల్‌కతా సంవేద్ వంటి సంస్థలు మన దేశంలో ఈ దారి వేశాయి.

డాన్స్ మాస్టర్లు, ఫైట్ మాస్టర్లతో పనిచేయాలంటే ముందు వాళ్ల పని వేళలు తెలియాలి. రాత్రి షూటింగులు, గట్టి నేల మీద పదుల సార్లు ఒకే స్టెప్పు, వార్మప్‌కు దొరకని సమయం. పదిహేను నిమిషాల్లో గుంపు మొత్తానికి చీలమండ, మోకాలి వార్మప్ చేయించగలిగే ఫిజియో దొరికితే యూనిట్ మళ్లీ అతన్నే పిలుస్తుంది. క్రీడల్లోనూ అంతే. 1994లో మోకాలు తీవ్రంగా దెబ్బతిన్న పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. అలా ఆటగాళ్లు కోలుకోవడం వెనుక డాక్టరుతో పాటు ఫిజియో చేతిపనీ ఉంటుంది.

ఇప్పటి నుంచే ఏం చేయాలి?

ఇంటర్ విద్యార్థులు: ఒక ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో అనుమతి తీసుకుని ఒక పూట కూర్చుని చూడండి. ఒకే వ్యాయామాన్ని విసుగు లేకుండా నలభైసార్లు చేయించగలరో లేదో మీకే తెలిసిపోతుంది.

కోర్సులో ఉన్నవాళ్లు: కొలవడం నేర్చుకోండి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవడానికి పట్టే సమయం ఒక కొలత. 14 అంశాలు, 56 మార్కులు ఉన్న బర్గ్ బ్యాలెన్స్ స్కేల్ మరొకటి. చికిత్సకు ముందు, తర్వాత అంకెలు రాసి చూపగలిగితే మీ మాటకు బలం వస్తుంది. తెలుగులో వివరించడం కూడా సాధన చేయండి. "కళ్లు తిరుగుతున్నాయి", "ఒళ్లు తూలుతోంది", "కాళ్లు తేలిపోతున్నాయి" అనేవి ఒక్కటి కావు. ఆ తేడా అడిగి తెలుసుకోవడంతోనే సగం పరీక్ష అయిపోతుంది.

ఇప్పటికే యోగా, ఫిట్‌నెస్ నేర్పుతున్నవాళ్లు: యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్ష రాయండి, ప్రథమ చికిత్స నేర్చుకోండి, దగ్గరలోని ఒక ఫిజియోథెరపిస్టుతో, ఒక ఈఎన్‌టీ డాక్టరుతో పరిచయం పెంచుకోండి. అకస్మాత్తుగా మాట తడబడినా, ఒక పక్క చేయి పడిపోయినా, మూతి వంకర పోయినా అది వ్యాయామంతో తీరేది కాదు. ఆ మనిషిని వెంటనే ఆసుపత్రికి పంపాలి.

ఏ కోర్సుకైనా డబ్బు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. గుర్తింపు ఎవరిది? రోగులతో పనిచేసే గంటలెన్ని? పాసయ్యాక ఏ రిజిస్టరులో పేరు ఎక్కుతుంది? కిందటి బ్యాచ్ వాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబు ఇవ్వని చోట ఫీజు ఎంత తక్కువైనా చేరకండి.