మొబైల్ షాపుకి డిజిటల్ మార్కెటింగ్: మొదటి ఐదు వేలు ఎక్కడ పెట్టాలి?

ఫోన్ కొనాలనుకున్నవాళ్లు ఈ రోజుల్లో ముందు చేసేది చేతిలో ఉన్న ఫోన్ తీసి వెతకడమే. రేటు చూస్తారు, ఒకటి రెండు రివ్యూలు చూస్తారు, ఆ తర్వాతే ఏ షాపుకి వెళ్లాలా అని ఆలోచిస్తారు. షాపు నడిపేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. అందుకే "మనం కూడా ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి చెయ్యాలి" అనుకుని ఫేస్‌బుక్ పేజీ తెరుస్తారు, పండగ ఆఫర్ పోస్టర్ పెడతారు, రెండు వేలు కట్టి బూస్ట్ చేస్తారు. నాలుగొందల లైకులు వస్తాయి. షాపు మెట్లు మాత్రం ఎవరూ ఎక్కరు. "డిజిటల్ మార్కెటింగ్ అంతా ఉత్తిదే" అనే మాట అక్కడే పుడుతుంది.

ఉత్తిదేం కాదు, వరస తప్పింది. పోస్టర్ చూసి లైక్ కొట్టినవాడికి ఆ రోజు ఫోన్ అవసరం లేదు. అవసరం ఉన్నవాడు అదే టైములో గూగుల్‌లో "దగ్గరలో మొబైల్ షాపు" అని వెతుకుతున్నాడు. అక్కడ మీ పేరు లేదు.

ఒక ఉదాహరణ పెట్టుకుని చూద్దాం. గుంటూరు లాంటి ఊళ్లో సెకండ్ హ్యాండ్ ఫోన్లు అమ్ముతూ, రిపేర్లు కూడా చేసే చిన్న షాపు. నెలకి ఖర్చు పెట్టగలిగింది ఐదు వేలు.

పైసా ఖర్చు లేనిది ముందు

మొదటి పని గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. 2021 వరకు దీన్నే గూగుల్ మై బిజినెస్ అనేవాళ్లు. మ్యాప్స్‌లో మీ షాపు పేరు, టైమింగ్స్, ఫోన్ నంబర్, ఫొటోలు కనిపించేది దీని వల్లే. ఇది ఉచితం. ఎవరైనా ఫోన్ చేసి "మీ లిస్టింగ్ టాప్‌లో పెడతాం, సంవత్సరానికి ఇంత కట్టండి" అంటే కట్టకండి. మ్యాప్స్‌లో ర్యాంకుని గూగుల్ డబ్బుకి అమ్మదు.

ఎవరిని పైన చూపించాలో గూగుల్ మూడు విషయాలు చూసి తేలుస్తుంది: వెతికినదానికి మీ షాపు ఎంత సరిపోతుంది, వెతికేవాళ్లకి ఎంత దగ్గర, మీ షాపుకి బయట ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు. మిగతా రెండూ మన చేతిలోనే ఉన్నాయి. కేటగిరీ కరెక్టుగా పెట్టుకోండి. ఫోన్లు అమ్మే షాపు వేరు, రిపేర్ షాపు వేరు; ఆదాయం ఎక్కువ దేని మీదైతే దాన్ని మెయిన్ కేటగిరీగా, రెండోదాన్ని అదనంగా పెట్టాలి. షాపు పేరు దగ్గర బోర్డు మీద ఉన్న పేరే రాయండి. పేరు వెనకాల "బెస్ట్ మొబైల్ రిపేర్ గుంటూరు చీప్ రేట్స్" అని తగిలించేవాళ్లు చాలామంది ఉన్నారు. అది గూగుల్ రూల్స్‌కి విరుద్ధం, ఎవరైనా రిపోర్ట్ చేస్తే లిస్టింగే సస్పెండ్ కావచ్చు.

రివ్యూల విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. "ఫైవ్ స్టార్ ఇస్తే టెంపర్డ్ గ్లాస్ ఫ్రీ" అనకూడదు. గిఫ్టు ఇచ్చి రివ్యూ తీసుకోవడాన్ని గూగుల్ ఒప్పుకోదు. పని బాగా జరిగి కస్టమర్ సంతోషంగా ఉన్నప్పుడు, కౌంటర్ దగ్గరే క్యూఆర్ కోడ్ చూపించి "మీకు ఏమనిపించిందో రాయండి" అని అడిగితే చాలు. చెడ్డ రివ్యూ వస్తే దానికి జవాబు రాయండి, కొట్లాటకి దిగకుండా. కొత్తగా వచ్చేవాడు ఆ ఒక్క స్టార్ రివ్యూనే ముందు చదువుతాడు, దాని కింద మీరేం రాశారో కూడా చదువుతాడు.

యాడ్స్: ఇక్కడే డబ్బు కారిపోతుంది

ముందు రిపేర్ చేసేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. 2018 ఆగస్టు చివర్లో, బయటివాళ్లు ఇచ్చే టెక్ సపోర్ట్ యాడ్స్ మీద గూగుల్ ఆంక్షలు పెట్టింది. కంప్యూటర్‌లో వైరస్ ఉందని భయపెట్టి డబ్బు గుంజే ముఠాలని ఆపడం దాని ఉద్దేశం. కానీ నిజాయితీగా స్క్రీన్లు మార్చుకునే చిన్న రిపేర్ షాపుల యాడ్స్ కూడా అందులో చిక్కుకున్నాయి. అందుకే రిపేర్ కోసం యాడ్ రాసే ముందు పాలసీ పేజీ చదవండి. రిజెక్ట్ అయితే మళ్లీ మళ్లీ అదే సబ్మిట్ చేయకండి, అకౌంట్‌కే ఇబ్బంది వస్తుంది. రిపేర్‌కి మ్యాప్స్ లిస్టింగ్‌ని నమ్ముకుని, యాడ్ డబ్బుని ఫోన్ల అమ్మకం మీద పెట్టడం మేలు.

గూగుల్ సెర్చ్ యాడ్స్‌లో క్లిక్‌కి డబ్బు. ఎక్కువ బిడ్ వేసినవాడే పైన వస్తాడని లేదు. యాడ్ వెతికినదానికి సరిపోయిందా, క్లిక్ చేస్తే తెరుచుకునే పేజీ పనికొచ్చేదా అని కూడా చూస్తారు. చిన్న షాపుకి అసలు దెబ్బ తగిలేది మాత్రం సెట్టింగ్స్‌లో. ముఖ్యంగా రెండు చోట్ల.

ఒకటి లొకేషన్. మీరు గుంటూరు అని పెట్టినా, డిఫాల్ట్‌గా ఉండే ఆప్షన్ గుంటూరులో ఉన్నవాళ్లతో పాటు గుంటూరు మీద ఆసక్తి చూపించినవాళ్లకి కూడా యాడ్ చూపిస్తుంది. అంటే బెంగళూరులో కూర్చుని గుంటూరు గురించి వెతికినవాడి క్లిక్‌కి కూడా మీరు కట్టే అవకాశం ఉంది. ఆ ఊళ్లో ఉన్నవాళ్లకి మాత్రమే చూపించే ఆప్షన్‌కి మార్చుకోండి.

రెండోది కీవర్డ్ మ్యాచ్. బ్రాడ్, ఫ్రేజ్, ఎగ్జాక్ట్ అని మూడు రకాలు. బ్రాడ్‌లో వదిలేస్తే "సెకండ్ హ్యాండ్ మొబైల్స్" అని మీరు పెట్టిన కీవర్డ్‌కి, దూరపు చుట్టరికం ఉన్న వెతుకులాటలకి కూడా యాడ్ వెళ్తుంది. మొదటి నెల ఫ్రేజ్, ఎగ్జాక్ట్‌తోనే నడపండి. వారానికోసారి సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తెరిచి, జనం అసలు ఏం టైప్ చేసి వచ్చారో చూడండి. "ఉద్యోగాలు", "కోర్సు", "హోల్‌సేల్", "ఈఎంఐ" లాంటివి కనిపిస్తే, అవి మీరు ఇచ్చేవి కాకపోతే, నెగెటివ్ కీవర్డ్స్‌లో వేసేయండి. మనవాళ్లు తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తారు కాబట్టి ఆ స్పెల్లింగులు కూడా చూసుకోవాలి. షాపు మూసి ఉన్న టైములో యాడ్ ఆపేయండి. రాత్రి పన్నెండింటికి వచ్చిన కాల్ ఎవరెత్తుతారు?

ఇప్పుడు లెక్క. ఇవి కేవలం ఉదాహరణకి పెట్టుకున్న అంకెలు. క్లిక్ పది రూపాయలనుకుంటే ఐదు వేలకి 500 క్లిక్కులు. అందులో 25 మంది కాల్ చేశారు, ఐదుగురు కొన్నారు. ఒక్కో అమ్మకానికి యాడ్ ఖర్చు వెయ్యి. సెకండ్ హ్యాండ్ ఫోన్ మీద మీకు మిగిలేది 1,200 అయితే, లాభం 200 అనుకుంటారు. కానీ యాడ్ ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ ఉంది. ఐదు వేలు 5,900 అవుతుంది, ఒక్కో అమ్మకానికి 1,180. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోలేని షాపుకి చివరికి మిగిలింది 20 రూపాయలు. చాయ్ డబ్బులు.

అదే 25 కాల్స్‌లో ఐదుగురికి బదులు ఎనిమిది మంది కొంటే? ఒక్కోదానికి ఖర్చు దాదాపు 740కి దిగుతుంది. దానికి బడ్జెట్ పెంచనక్కర్లేదు. కాల్ ఎత్తి, అడిగిన మోడల్ ఉందో లేదో, రేటెంతో, ఎన్ని రోజుల వారంటీనో వెంటనే చెప్పగలిగితే చాలు. చాలా షాపుల్లో సగం యాడ్ డబ్బు పోయేది ఎత్తని ఫోన్ దగ్గరే అని నా అభిప్రాయం.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్ రెండో దశలో పెట్టుకోండి. అక్కడ ఎవరూ మిమ్మల్ని వెతకడం లేదు, మీరే వెళ్లి పలకరిస్తున్నారు. దసరా స్టాక్ దిగినప్పుడు, షాపు చుట్టూ కొద్ది కిలోమీటర్ల వరకే పెట్టి, లైకులకి కాకుండా కాల్స్‌కో వాట్సాప్ మెసేజ్‌లకో సెట్ చేస్తే పనికొస్తాయి. ఐఫోన్ యాప్‌లోంచి బూస్ట్ చేస్తే యాపిల్ 30 శాతం సర్వీస్ ఛార్జీ పడుతుందని మెటా 2024లో ప్రకటించింది. బ్రౌజర్‌లో ఫేస్‌బుక్ తెరిచి చేసుకుంటే ఆ బాధ లేదు.

కంటెంట్ అంటే మాతో పోటీ కాదు

షాపు యూట్యూబ్ ఛానల్ పెట్టి కొత్త ఫోన్ల స్పెసిఫికేషన్లు చదివేవాళ్లని చూస్తే జాలేస్తుంది. ఆ పని చేసే సైట్లు, ఛానళ్లు బోలెడు ఉన్నాయి, మేమూ అందులో ఉన్నాం. మీ దగ్గర ఉండి మా దగ్గర లేనిది ఒకటుంది: రోజూ మీ బల్ల మీద విప్పిన ఫోన్లు. రెండేళ్లు వాడాక ఏ మోడల్ బ్యాటరీ ఉబ్బుతోంది, నీళ్లలో పడ్డ ఫోన్ తెస్తే లోపల ఎలా ఉంటుంది, డిస్‌ప్లే మార్చేటప్పుడు ఒరిజినల్‌కీ కాపీకీ తేడా ఎలా తెలుస్తుంది. ఇవి చూపించండి.

సెకండ్ హ్యాండ్ అమ్మేవాళ్లయితే మొదటి వీడియో ఏం చేయాలో నేనే చెప్తాను. కొనేవాడికి ఉండే పెద్ద భయం "ఇది దొంగ ఫోన్ అయితే?" అనేది. డయల్ ప్యాడ్‌లో *#06# కొడితే ఐఎంఈఐ నంబర్ వస్తుంది. కేవైఎం అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు వేసి 14422కి ఎస్ఎంఎస్ పంపితే ఆ నంబర్ వివరాలు వస్తాయి. టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లోనూ చూసుకోవచ్చు. బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో వస్తే ఆ ఫోన్ కొనొద్దు. దీన్ని మీ షాపులో, మీరు అమ్మే ఫోన్ మీదే చేసి నిమిషంలో చూపించండి. ఆ వీడియోని బిజినెస్ ప్రొఫైల్‌లో పెట్టండి, యాడ్ క్లిక్ చేస్తే తెరుచుకునే పేజీలో పెట్టండి, కాల్ చేసినవాళ్లకి వాట్సాప్‌లో పంపండి.

ఈమెయిల్, వాట్సాప్

మన ఊళ్లలో షాపు ఆఫర్ కోసం ఈమెయిల్ తెరిచేవాళ్లు తక్కువ. బిల్లు, వారంటీ పంపడానికి ఈమెయిల్ బాగుంటుంది, ఎందుకంటే ఏడాది తర్వాత కూడా వెతికితే దొరుకుతుంది. రోజుకి 5,000కి మించి జీమెయిల్ అకౌంట్లకి మెయిల్స్ పంపేవాళ్లకి 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ రూల్స్ బిగించింది: పంపేది మీరేనని రుజువు చేసే సెట్టింగ్స్ ఉండాలి, ఒక్క క్లిక్‌తో వద్దనుకునే వీలు ఉండాలి. చిన్న షాపు అంత పంపదు కానీ, వద్దన్నవాళ్లని వదిలేసే పద్ధతి ఎవరికైనా ఒకటే. "పది వేల నంబర్లు, మూడు వేల రూపాయలు" అని అమ్మేవాళ్ల దగ్గర డేటా కొనకండి. కొని పంపితే రిపోర్టులు కొడతారు, నంబర్ బ్యాన్ అవుతుంది.

వాట్సాప్ బిజినెస్ యాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌కి 256 మంది వరకు పెట్టొచ్చు. కాకపోతే మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. దీన్ని అడ్డంకి అనుకోకండి. బిల్లు ఇచ్చేటప్పుడు "వారంటీ ఈ నంబర్ నుంచే చూస్తాం, సేవ్ చేసుకోండి అన్నా" అంటే చేసుకుంటారు. ఆఫర్లు పంపొచ్చా అని కూడా అప్పుడే అడగండి. నెలకి రెండు మెసేజ్‌లు దాటొద్దు.

చివరగా కౌంటర్ మీద ఒక నోటు పుస్తకం పెట్టండి. వచ్చిన ప్రతివాళ్లనీ "మా షాపు గురించి ఎక్కడ చూశారు?" అని అడిగి, మ్యాప్స్, యాడ్, వీడియో, వాట్సాప్, తెలిసినవాళ్లు చెప్పారు అని ఐదు గడుల్లో గీత గీయండి. కొన్నారా లేదా పక్కన టిక్ పెట్టండి. గూగుల్ డ్యాష్‌బోర్డ్ క్లిక్కులూ కాల్సూ చూపిస్తుంది, కౌంటర్ దగ్గర ఎవరు డబ్బు కట్టారో దానికి తెలియదు. నెలాఖరున ఆ పుస్తకం, యాడ్ బిల్లు పక్కపక్కన పెట్టుకుని, రెండో నెల ఐదు వేలు ఎటు వెళ్లాలో అప్పుడు తేల్చుకోండి.