తనంతట తానే బ్రేకు వేయు లారీ

బరువును వేగమును గలిసి పుట్టించు గతిశక్తిని గూర్చి పై తరగతుల విద్యార్థులు చదివియే యుందురు. బరువులో సగమును వేగము యొక్క వర్గముతో గుణింపగా వచ్చునదే గతిశక్తి. సరకుతో కూడి 40 టన్నులు తూగు లారీ గంటకు 50 కిలోమీటరుల వేగమున పోవునప్పుడు దాని గతిశక్తి ఇంచుమించు 39 లక్షల జౌలులు. అదే వేగమున పోవు ఒకటిన్నర టన్నుల కారునకు 1,45,000 జౌలులు మాత్రమే. వేగము 80 కిలోమీటరులకు పెరిగినచో లారీ యొక్క శక్తి 99 లక్షల జౌలులకు చేరును. నమ్మనివారు పలక మీద లెక్క వేసి చూచుకొనవచ్చును.

ఇంతటి శక్తి ఒక మనుష్యుని కుడికాలి క్రింద నుండుట విచిత్రము గదా! ఆ మనుష్యుడు కునుకు తీసినచో నేమగును? అతడు మనసున ద్వేషము పెట్టుకొని జనసమూహము మీదికి లారీని తోలినచో నేమగును? శాస్త్రజ్ఞులు మొదటి ప్రశ్నకు కనుగొన్న సమాధానమే ఒకనాడు రెండవ ప్రశ్నకును కొంతవరకు అక్కరకు వచ్చినది. ఆ వృత్తాంతమే యీ వ్యాసమునకు విషయము.

ఐరోపా ఖండమున రహదారులు బహు పొడవైనవి. ముందు వాహనములు బారులు తీరి ఆగియుండగా, అలసిన చోదకుడు గమనింపక వెనుక నుండి వచ్చి లారీతో గ్రుద్దుట అచ్చట పెద్ద బెడదగా నుండెను. అందుచే ఐరోపా సమాఖ్యవారు 2009లో ఒక శాసనము చేసి, కొన్ని తరగతులు తప్ప తక్కిన పెద్ద లారీలకు తనంతట తానే బ్రేకు వేయు యంత్రము ఉండితీరవలెనని విధించిరి. అది 2013 నవంబరు మొదలు కొత్త నమూనాలకును, 2015 నవంబరు మొదలు కొత్తగా అమ్మబడు లారీల కన్నిటికిని వర్తించినది.

ఈ యంత్రము పనిచేయు తీరు మిక్కిలి సొగసైనది. లారీ ముందు భాగమున నున్న రాడార్ కంటికి కానరాని రేడియో తరంగములను పంపును. అవి ఎదుటి వస్తువునకు తగిలి మరలివచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరము తెలియును. మరలివచ్చిన తరంగముల పౌనఃపున్యము మారిన తీరును బట్టి, ఆ వస్తువును మనము ఎంత వేగముగా సమీపించుచున్నామో తెలియును. రైలింజను దగ్గరకు వచ్చునప్పుడు దాని కూత హెచ్చుస్థాయిలోను, దాటిపోవునప్పుడు తగ్గుస్థాయిలోను వినబడుటకు కారణమైన డాప్లరు సూత్రమే యిది. అద్దము వెనుకనున్న కెమేరా ఎదుటనున్నది వాహనమో, వంతెన నీడయో పోల్చిచూచును. గ్రుద్దుకొనుట తప్పదని తోచినప్పుడు యంత్రము మొదట హెచ్చరిక ధ్వని చేయును. చోదకుడు పలుకనిచో బ్రేకును కొంచెముగా తాకించును. అప్పటికిని మేల్కొననిచో పూర్తిగా బిగించును. నిద్రపోవు తమ్ముని లేపు అక్కగారి పద్ధతియు నిట్టిదే.

ఇక రెండవ ప్రశ్న. 2016 జూలై 14వ తేదీ రాత్రి ఫ్రాన్సు దేశపు నీసు నగరమున, జాతీయ దినోత్సవపు బాణసంచా చూచి మరలుచున్న జనుల మీదికి ఒకడు అద్దెకు తెచ్చిన 19 టన్నుల లారీని తోలెను. సముద్రతీరపు బాటపై అది దాదాపు రెండు కిలోమీటరులు పోయినది. పోలీసులు అతనిని కాల్చి చంపునప్పటికి లారీ చేసిన నాశమువలన 86 మంది మరణించిరి. వారిలో చిన్నబిడ్డలు పలువురు.

అదే సంవత్సరము డిసెంబరు 19వ తేదీ సాయంకాలము జర్మనీ రాజధాని బెర్లినులో, ఒక స్మారక దేవాలయము ప్రక్కన జరుగు క్రిస్మసు సంతలోనికి మరియొకడు లారీని తోలెను. ఉక్కు సరకు మోసికొని వచ్చిన ఆ లారీ పోలండు దేశపు చోదకునిది. హంతకుడు అతనిని చంపి దానిని అపహరించెను. ఆ చోదకునితో కలిపి 12 మంది నాడు మరణించిరి. గాయపడిన మరియొకరు 2021లో కన్నుమూసిరి. అయితే లారీ సంతలో 70, 80 మీటరులు మాత్రమే పోయి ఆగిపోయినది. మొదటి తాకిడిని గుర్తించి యంత్రమే బ్రేకు వేసినదని పరిశోధనలో తేలినట్లు కొద్దిదినములలో జర్మను పత్రికలు ప్రకటించినవి. దానిని కల్పించినవారి తలపులో హంతకుడు లేడు; అలసిన చోదకుడు మాత్రమే యుండెను.

అంతమాత్రమున భయము తీరినదని తలపరాదు. ఈ యంత్రములను గూర్చిన శాసనములలోనే, చోదకుడు కోరినప్పుడు యంత్రము చేసిన పనిని కాదనగలుగవలెనని యున్నది. ఇది వెఱ్ఱి నియమము కాదు. రైల్వే గేటులు రెండును పడిపోగా పట్టాల నడుమ ఒక లారీ చిక్కినదనుకొనుడు. చోదకుడు గేటును విరుగగొట్టియైనను బయటపడవలెను. అప్పుడు యంత్రము ఎదుట అడ్డమున్నదని బ్రేకు బిగించి కూర్చున్నచో రక్షకమే భక్షకమగును. మంచి చోదకునికి ఈయక తప్పని అధికారము చెడ్డవానికిని దక్కుచున్నది. స్టీరింగు పట్టినవాని హృదయమును రాడార్ చూడజాలదు. నా యభిప్రాయమున చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

అందుచే కొందరు ఆలోచనను చోదకుని నుండి స్థలము మీదికి మరల్చిరి. 2017 ఏప్రిలు 7వ తేదీన స్వీడను రాజధాని స్టాకుహోములో, సరకు దింపుచుండగా అపహరింపబడిన లారీ నడకదారుల వీథిలో చొరబడి ఐదుగురిని బలిగొన్నది. పిమ్మట ఆ ప్రభుత్వమువారు, పటము మీద గీచిన హద్దు లోపలికి రాగానే వాహనపు వేగము తానే తగ్గునట్టి ఏర్పాటును పరిశీలింపుడని తమ రవాణా శాఖకు పురమాయించిరి. ఉపగ్రహముల సాయమున వాహనము తానున్న చోటు తెలిసికొనును. బడి సమీపమైనచో మెల్లగా పోవును. గొతెన్‌బర్గు నగరమున కొన్ని విద్యుద్బస్సులను ఈ రీతిని నడిపిరి.

దూరమునుండి వాహనమును నిలుపు ఉపాయము లేదా యని మీరడుగవచ్చును. బెర్లినులోని లారీ ఇంజనును ఆనాటి మధ్యాహ్నము ఎవరో పలుమారు నడిపి చూచినట్లు, ఉపగ్రహ సాధనము పంపిన గుర్తులవలన యజమానికి తరువాత తెలిసినది. దూరపు ఆజ్ఞతో లారీని ఆపు మీట యుండినచో మేలే. కాని ఆ మీట దొంగ చేతికి చిక్కినచో ఒక్కని లారీ గాక వేయి లారీలు అతని వశమగును. అందులకే వాహనములలోని గణనయంత్రములను చొరబాటుదారులనుండి కాపాడు నియమములు 2022 మొదలు ఐరోపాలో అమలులోనికి వచ్చినవి. పాత లారీలకు ఈ శాసనములేవియు తగులవు. అవి ఇంకను చాలకాలము రోడ్ల మీద తిరుగును.

2025 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరమున ఒకడు అద్దెకు తెచ్చిన కొత్తరకపు విద్యుద్వాహనముతో బోర్బను వీథిలో 14 మందిని చంపెను. ఆ వీథి మొదట వాహనములను అడ్డగించుటకు పాతిన ఇనుప స్తంభములు పాడైనందున, వాని స్థానమున కొత్తవి నాటు పని అప్పటికి జరుగుచుండెను.