ఆరు రంధ్రాలు ఉంటే చాలునా?

బాలలూ! పికప్ ట్రక్కును మీరు చూసే ఉంటారు. ముందు డ్రైవరు కూర్చునే గది, వెనుక సరుకులు వేసే తొట్టి. ఈ బండి కొన్నవారిలో కొందరు కంపెనీ ఇచ్చిన చక్రాలు తీసేసి, బయటి దుకాణంలో వేరే చక్రాలు కొని బిగించుకుంటారు. కొందరు అందం కోసం, కొందరు మట్టిదారుల్లో వెడల్పాటి టైర్లు కావాలని ఈ పని చేస్తారు. “పాత చక్రానికి ఆరు రంధ్రాలు, కొత్తదానికీ ఆరే. ఇంకేం, సరిపోతుంది” అనుకుంటారు. నిజంగా సరిపోతుందా? ఒక స్కేలూ, కాస్త రేఖాగణితమూ ఉంటే మనమే తేల్చుకోవచ్చు.

చక్రాన్ని పట్టి ఉంచేది ఏది?

చక్రం ఇరుసు చివర ఉన్న హబ్బుకు ఆనుకుంటుంది. హబ్బు నుంచి బోల్టులు బయటికి పొడుచుకు వచ్చి ఉంటాయి. చక్రం రంధ్రాలను వాటికి తగిలించి నట్లు బిగిస్తారు. బండి బరువంతా బోల్టుల మీదే వేలాడుతున్నట్టు కనిపిస్తుంది కదూ? నిజానికి నట్లు చక్రాన్ని హబ్బుకు గట్టిగా అదిమి ఉంచుతాయి. ఆ రెండు లోహపు ముఖాల మధ్య ఘర్షణే చక్రాన్ని జారకుండా పట్టి ఉంచుతుంది.

చక్రం సరిగా ఆనకపోతే ఈ పట్టు సడలుతుంది. అప్పుడు చక్రం తిరిగిన ప్రతిసారీ బోల్టు అతి కొద్దిగా అటూ ఇటూ వంగుతుంది. సన్నని ఇనుపతీగను ఒకేచోట పదేపదే వంచితే ఏమవుతుంది? తెగిపోతుంది. దీన్నే లోహపు అలసట అంటారు. టైరు వ్యాసం 75 సెం.మీ. అనుకుందాం. చుట్టుకొలత సుమారు 2.36 మీటర్లు. అంటే కిలోమీటరుకు దాదాపు 424 చుట్లు! 100 కిలోమీటర్లకు 42 వేలకు పైగా! బోల్టులు విరిగితే చక్రం ఊడిపోతుంది. బండిలోని వారికీ, దారిన పోయేవారికీ అది ప్రాణాపాయం. అందుకే ఈ కొలతలు ముఖ్యం.

మొదటిది: బోల్టుల వృత్తం

బోల్టుల కేంద్రాలన్నిటి గుండా ఒక వృత్తం గీశామనుకోండి. దాని వ్యాసాన్ని మెకానిక్కులు పి.సి.డి. అంటారు. అమెరికాలో 2004 నమూనా నుంచి ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కుకు ఇది 135 మి.మీ. అక్కడిదే షెవర్లే సిల్వరాడో 1500కు 139.7 మి.మీ. రెండింటికీ ఆరేసి బోల్టులే. వ్యాసంలో తేడా 4.7 మి.మీ. మాత్రమే. అంటే ఒక్కొక్క రంధ్రం 2.35 మి.మీ. తప్పుతుంది. కంటికి ఆనని ఆ తేడా చాలు, ఒకదాని చక్రం మరొకదానికి పనికిరాకుండా పోవడానికి.

139.7 వింత సంఖ్యలా ఉంది కదూ? 25.4తో భాగించండి. సరిగ్గా 5.5 అంగుళాలు! తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో తయారీ మొదలైన ఇసుజు డి-మాక్స్ పికప్‌కు కూడా ఇదే కొలత.

దీన్ని కొలవడం తేలిక. ఆరు రంధ్రాలుంటే ఎదురెదురు రంధ్రాల కేంద్రాల మధ్య దూరమే వ్యాసం. మరో మార్గమూ ఉంది. వృత్తలేఖినితో వృత్తం గీసి, అదే వ్యాసార్ధంతో పరిధి మీద గుర్తులు పెట్టుకుంటూ పోండి. సరిగ్గా ఆరు గుర్తులు వస్తాయి. కాబట్టి పక్కపక్క రంధ్రాల కేంద్రాల మధ్య దూరాన్ని రెట్టింపు చేసినా వ్యాసమే వస్తుంది.

రెండవది: నడిమి రంధ్రం

చక్రం మధ్యలోని పెద్ద రంధ్రం హబ్బు బొడిపె మీద కూర్చోవాలి. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే టొయోటా హైలక్స్‌కు పి.సి.డి. 139.7 మి.మీ. సిల్వరాడోకూ అంతే. కాని హైలక్స్ నడిమి రంధ్రం సుమారు 106 మి.మీ., సిల్వరాడోది 78.1 మి.మీ. కనుక సిల్వరాడో చక్రం హైలక్స్ హబ్బు మీదికి ఎక్కనే ఎక్కదు. రంధ్రం మరీ పెద్దదైతే చక్రం సరిగ్గా మధ్యన కూర్చోక, బండి వణకవచ్చు. అలాంటప్పుడు సందును నింపే రింగు వేస్తారు. నట్టు కూర్చునే గుంట ఆకారం కూడా చూడాలి. గరాటు ఆకారపు నట్టు గరాటు ఆకారపు గుంటలోనే కుదురుతుంది.

మూడవది: ఆఫ్‌సెట్

చక్రం వెడల్పును సరిగ్గా సగం చేసే గీతకూ, చక్రం హబ్బుకు ఆనే ముఖానికీ మధ్య దూరాన్ని ఆఫ్‌సెట్ అంటారు. ఇది మారితే చక్రం బయటికో లోపలికో జరుగుతుంది. నీళ్ల బకెట్టును ఒంటికి దగ్గరగా పట్టుకుని, తరువాత చేయి చాచి పట్టుకుని చూడండి. బరువు అదే, కాని భుజం ఎంత లాగుతుంది! చక్రం బయటికి జరిగితే బేరింగులు పడే పాటు కూడా అదే. లోపలికి జరిగితే టైరు బండి భాగాలకు రాసుకోవచ్చు.

నాలుగవది: మోయగల బరువు

చక్రం ఎంత బరువు మోయగలదో దాని మీద అచ్చువేసి ఉంటుంది. వెనుక ఇరుసు మీద 1,800 కిలోల వరకు పడవచ్చు అనుకుందాం. అప్పుడు ఒక్కొక్క చక్రం కనీసం 900 కిలోలు మోయాలి. పికప్ సరుకుల బండి; ఖాళీ బండి బరువు చూసి చక్రం కొనకూడదు.

అన్నీ కుదిరాక నట్లను వరుసగా కాక, ఎదురెదురుగా బిగించాలి. అప్పుడే చక్రం సమంగా ఆనుతుంది. 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగింపు సరిచూడాలి.

ఆలోచించండి

1. మారుతీ జిప్సీకి పి.సి.డి. 139.7 మి.మీ., బోల్టులు ఐదు. సిల్వరాడో చక్రం దానికి పడుతుందా?

2. 75 సెం.మీ. టైరుకు బదులు 80 సెం.మీ. టైరు వేశారు. స్పీడోమీటరు 60 కి.మీ. చూపుతుంటే అసలు వేగం ఎంత?

జవాబులు: 1. పట్టదు. ఐదు బోల్టుల మధ్య కోణం 72 డిగ్రీలు, ఆరింటి మధ్య 60 డిగ్రీలు. 2. గంటకు 64 కి.మీ. డ్రైవరుకు తెలియకుండానే బండి వేగం పెరిగిందన్నమాట!